కాపరి కాపురముండే హాస్టలు

ప్రతి సంవత్సరం జూన్ నెల వచ్చిందంటే మన ఇళ్ళలో ఒక ట్రంకుపెట్టె బయటికి వస్తుంది. దానికి కొత్త తాళం, లోపల రెండు దుప్పట్లు, ఒక ఆవకాయ సీసా, అన్నిటికీ పైన ఒక జపమాల. బిడ్డను హాస్టలులో దింపి, గేటు దగ్గర కళ్ళు తుడుచుకుని బస్సెక్కి వస్తాము. దింపే ముందు ఎన్నో విషయాలు అడుగుతాము. ఫీజెంత? భోజనం ఎలా ఉంటుంది? పోయిన ఏడాది ర్యాంకులెన్ని? ఒక్క ప్రశ్న మాత్రం అడగము. అర్ధరాత్రి మా బిడ్డకు కష్టం వస్తే ఎవరి తలుపు తట్టాలి?

మేమూ అడగలేదు. మా అబ్బాయి ఇంటరు చదివే రోజుల్లో హాస్టలు గదిలో మూడు రోజులు జ్వరంతో మూలుగుతూ పడుకున్నాడు. వార్డెనుగారు ప్రతి రాత్రీ వచ్చి హాజరు పుస్తకంలో గుర్తు పెట్టుకుని వెళ్ళారు. మంచం మీద మనిషి ఉన్నాడు, లెక్క సరిపోయింది. ఆదివారం మేము జంతికల డబ్బా పట్టుకుని వెళ్ళిన తరువాతే సంగతి బయటపడింది. దేవుని దయ వలన వాడు కోలుకున్నాడు. ఆయనను తప్పుపట్టాలని ఇది రాయడం లేదు. రెండు వందల మంది పిల్లలకు ఆయన ఒక్కరే. లెక్క చూసుకుని తన ఇంటికి తాను వెళ్ళిపోవలసిన మనిషి. కాని ఆ మూడు రాత్రులు మా మనసులో ముల్లులా ఉండిపోయాయి.

చాలా ఏళ్ళ తరువాత షికాగో దగ్గర ఉంటున్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, ఆ ముల్లు మళ్ళీ గుచ్చుకుంది. మా అల్లుడిగారి స్నేహితుని కుమార్తె నోటర్ డేమ్ అనే కథోలిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదువుతున్నది. "అంకుల్, ఆంటీ, మా హాలు చూద్దురుగాని రండి" అని ఆ పిల్ల పిలిస్తే బయలుదేరాము. షికాగో నుండి తూర్పుగా, మిషిగన్ సరస్సు అంచును చుట్టుకుని, ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్ పట్టణం చేరడానికి కారులో సుమారు రెండు గంటలు పట్టింది. అక్టోబరు నెల. దారికి రెండు పక్కలా చెట్లన్నీ పసుపు, కుంకుమ కలిపి పోసినట్టున్నాయి.

దూరం నుండే బంగారు గుమ్మటం కనబడింది. దాని మీద దేవమాత స్వరూపం. నోటర్ డేమ్ అంటే ఫ్రెంచి భాషలో దేవమాతను పిలిచే పేరు. 1842 నవంబరులో ఎడ్వర్డ్ సోరిన్ అనే ఫ్రెంచి గురువు, పవిత్ర సిలువ సభకు చెందిన ఏడుగురు బ్రదర్లతో ఇక్కడ అడుగు పెట్టారు. అప్పటికి ఆయన వయసు 28 సంవత్సరాలే. ఎటు చూసినా మంచు, రెండు సరస్సులు, ఒక దుంగల గుడి. ఆ గుడిని 1831లో స్టీఫెన్ బాడిన్ గురువు కట్టించారు. కింద గురువుల నివాసం, పైన ప్రార్థనా స్థలం. అది తరువాత కాలిపోయింది. 1906లో అలాంటిదే మళ్ళీ కట్టారు. దాన్ని మేము చూశాము. కింద కాపురం, పైన ప్రార్థన! ఆ తరువాత మేము చూసిన హాళ్ళన్నీ ఈ చిన్న దుంగల ఇంటి పోలికలోనే ఉన్నాయనిపించింది.

సోరిన్ గురువుల పట్టుదల గురించి ఒక్క మాట. 1879 ఏప్రిల్ 23న అగ్నిప్రమాదంలో ప్రధాన భవనం కాలి బూడిదైంది. అప్పటికి ఆయనకు 65 ఏళ్ళు. అదే సంవత్సరం సెప్టెంబరు నాటికి కొత్త భవనంలో పాఠాలు మొదలయ్యాయి. ఇప్పుడు మనం చూసే గుమ్మటం ఆ భవనానిదే.

ఇక హాళ్ళ విషయం. ఇక్కడ డిగ్రీ విద్యార్థులు 8,000కు పైగా ఉన్నారు. వారిలో ఎక్కువ మంది 30కి పైగా ఉన్న వసతి హాళ్ళలో ఉంటారు. ఆడపిల్లలకు వేరు, మగపిల్లలకు వేరు. మొదటి సంవత్సరం పిల్లలు తమ హాలును తాము ఎంచుకోరు. విశ్వవిద్యాలయమే కేటాయిస్తుంది. అందుచేత షావుకారు బిడ్డ, ఉపకార వేతనంతో వచ్చిన బిడ్డ, ఫుట్‌బాల్ జట్టు కుర్రవాడు, వయొలిన్ వాయించే కుర్రవాడు ఒకే వరండాలో పక్కపక్క గదుల్లో ఉంటారు. చేరిన హాలులోనే మూడు నాలుగేళ్ళు గడిపేవారే ఎక్కువ. మన వాళ్ళు ఊరిపేరు చెప్పుకున్నట్టు అక్కడివారు హాలు పేరు చెప్పుకుంటారు. 1888లో కట్టిన సోరిన్ హాలు వాటిలో పాతవాటిలో ఒకటి. ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క గది ఉండాలని ఆ రోజుల్లోనే ఆలోచించి కట్టిన భవనం అది.

ప్రతి హాలుకూ ఒక రెక్టరు ఉంటారు. మన సెమినరీల వలన ఆ మాట మనకు కొత్త కాదు. ఇక్కడి రెక్టరు గురువు కావచ్చు, బ్రదరు కావచ్చు, సిస్టరు కావచ్చు, మనలాంటి గృహస్థులూ కావచ్చు. ఎవరైనా సరే, ఆ హాలులోనే కాపురం ఉండాలి. ఉదయం వచ్చి సాయంత్రం వెళ్ళే ఉద్యోగం కాదు. రెక్టరు కింద సహాయ రెక్టర్లు ఉంటారు. వీరు సాధారణంగా పై చదువులు చదువుకునేవారు. వారి తరువాత ఆర్.ఏ.లు. చివరి సంవత్సరం విద్యార్థుల నుండి దరఖాస్తులు తీసుకుని, మాట్లాడి, పరీక్షించి వీరిని ఎంచుకుంటారు. ఒక్కొక్క ఆర్.ఏ.కి వరండాలో ఒక భాగం అప్పగిస్తారు. బదులుగా వసతి, భోజనం ఇస్తారు.

మేము వెళ్ళిన హాలు రెక్టరుగారు నడివయసు స్త్రీ. ఆమె గది మెట్ల పక్కనే ఉంది. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఒక పాత సోఫా, బల్ల మీద బిస్కెట్ల డబ్బా, గోడకు సిలువ. మేము మాట్లాడుతూ ఉండగానే ఇద్దరు ముగ్గురు పిల్లలు తొంగి చూసి, చేయి ఊపి వెళ్ళారు. ప్రతి పిల్లనూ ఆమె పేరు పెట్టి పిలిచింది. ఒకమ్మాయిని "మీ నాన్నగారికి ఆపరేషన్ ఎలా జరిగింది?" అని అడిగింది. మా ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము.

మీ పని ఏమిటని అడిగితే ఆమె నవ్వి, సగం పని ఇంట్లో ఉండడమే అన్నది. మిగతా సగం తన కింద పనిచేసేవారిని పెంచడం. అందరి కష్టం తాను ఒక్కతే వినలేదు. అందుకే ఆర్.ఏ.లను కాలేజీ తెరవడానికి ముందుగానే పిలిపించి తర్ఫీదు ఇస్తారు. ఏడ్చేవారి మాట ఎలా వినాలి, ఎప్పుడు మాట్లాడకూడదు, ఏ విషయం తమ చేతిలోనిది కాదు, దాన్ని వెంటనే ఎవరికి చెప్పాలి, ఇవన్నీ నేర్పుతారు. కొత్త పిల్లలు రాకముందే వారి పేర్లు కాగితాల మీద రంగులతో రాసి తలుపులకు అంటిస్తారు. వారం వారం అందరూ కూర్చుంటారు. ఆ సమావేశంలో గదుల మరమ్మతుల కంటే పిల్లల పేర్లే ఎక్కువ వినబడతాయట. ఎవరు భోజనానికి రావడం లేదు, ఎవరు తలుపు వేసుకుని ఉంటున్నారు, ఎవరు మునుపటిలా నవ్వడం లేదు.

మమ్మల్ని పిలిచిన పిల్ల ఆ సంవత్సరమే ఆర్.ఏ. అయింది. అందులో కష్టమేమిటని అడిగాము. కాసేపు ఆలోచించి, స్నేహితురాలిగా ఉండి నియమం చెప్పడమే కష్టం అన్నది. ఎదుటి హాళ్ళ వారు రాత్రి 12 గంటలకల్లా, శుక్ర శనివారాలలో 2 గంటలకల్లా వెళ్ళిపోవాలి. అది దాటితే చెప్పవలసింది ఆర్.ఏ.నే. నిన్న తనతో కలిసి నవ్విన పిల్ల ఈ రోజు ముఖం తిప్పుకుంటుంది. అలా ఒక పిల్ల మూడు వారాలు పలకరించలేదట. ఒకరాత్రి ఆ పిల్లకే ఇంటి నుండి చెడు కబురు వచ్చింది. ఆమె వచ్చి తట్టినది ఈ తలుపే. ఆ మాట చెబుతూ మన తెలుగు పిల్ల కళ్ళు చెమర్చుకున్నది.

ఇలా కలిసి కాపురముండడం ఇక్కడ పాత ఆనవాయితీయే. ఈ విశ్వవిద్యాలయానికి 1952 నుండి 1987 వరకు 35 ఏళ్ళు అధ్యక్షులుగా ఉన్న థియోడర్ హెస్బర్గ్ గురువులు, అంతకు ముందు యుద్ధం నుండి తిరిగి వచ్చి చదువుకుంటున్న సైనికుల కుటుంబాలకు ఆధ్యాత్మిక గురువుగా పనిచేశారు. ఒక హాలుకు రెక్టరుగానూ ఉన్నారు. ఆయన తరువాత 2005 వరకు అధ్యక్షులుగా ఉన్న ఎడ్వర్డ్ మలాయ్ గురువులు, అంత పెద్ద పదవిలో ఉండి కూడా సోరిన్ హాలులో విద్యార్థుల మధ్య ఒక చిన్న నివాసంలోనే ఉన్నారు. ఇక్కడ డిగ్రీ తరగతులలో ఆడపిల్లలను చేర్చుకున్నది 1972లో. మరుసటి సంవత్సరం ఫార్లీ హాలును ఆడపిల్లలకు ఇచ్చినప్పుడు, ఫ్రాన్సిస్కన్ సభకు చెందిన సిస్టర్ జీన్ లెంజ్ అక్కడ రెక్టరుగా వచ్చి పదేళ్ళు ఉన్నారు. అంతవరకు మగపిల్లల లోకంగా ఉన్న చోట ఆడపిల్లలు నిలదొక్కుకునేటట్టు చూసిన తొలి రెక్టర్లలో ఆమె ఒకరు. 2012లో ప్రభువులో నిద్రించారు.

అన్నీ మంచే అని చెబితే అది అబద్ధమవుతుంది. ఇక్కడి ఫీజులు మన లెక్కలకు అందవు. ఇన్ని ఏర్పాట్లు ఉన్నా ఒంటరితనంతో బాధపడే పిల్లలు ఇక్కడా ఉన్నారు. రెక్టరుగారే ఆ మాట చెప్పింది. తెరిచిన తలుపు లోపలికి అడుగు పెట్టలేని పిల్లల గురించే తనకు నిద్ర పట్టదన్నది. ఇంకొక సంగతి. మన రాష్ట్రాల నుండి ఎం.ఎస్. చదవడానికి అమెరికా వెళ్ళే పిల్లలలో చాలామందికి ఇలాంటి హాళ్ళు ఉండవు. నలుగురైదుగురు కలిసి అద్దె ఇంట్లో ఉంటారు. వారికి రెక్టరూ లేరు, ఆర్.ఏ.యూ లేరు. వారిని పలకరించవలసినది అక్కడి గుడి, అక్కడి మన కుటుంబాలు.

శనివారం ఫుట్‌బాల్ ఆట. 77,000 మందికి పైగా పట్టే స్టేడియం నిండి, ఊరంతా తిరునాళ్ళలా ఉంది. కాని మా మనసులో నిలిచింది ఆదివారం రాత్రి. ప్రతి హాలులోనూ సొంత గుడి ఉంటుంది. ఆదివారం పూజ రాత్రి పూట జరుగుతుంది. పిల్లలు తలలు సరిగా దువ్వుకోకుండా, ఇంటి చెప్పులతోనే వచ్చారు. మొదట మాకు కొంచెం ఎబ్బెట్టుగా అనిపించింది. మన ఊళ్ళో గుడికి ఇస్త్రీ బట్టలు లేకుండా వెళ్తామా? తరువాత గ్రహించాము. వారు గుడికి వెళ్ళలేదు, తమ ఇంట్లోనే ప్రార్థనకు కూర్చున్నారు. సమాధానం చెప్పుకునే సమయంలో ఒక్కరు కూడా తమ చోట నిలబడలేదు. గుడి ఈ చివర నుండి ఆ చివరకు తిరిగి ఒకరినొకరు కౌగిలించుకున్నారు. వారిలో మూడు వారాలు పలకరించుకోని వారు ఎందరున్నారో ప్రభువుకే తెలుసు.

వెళ్ళేముందు లూర్దు గుహ దగ్గర ఆగాము. ఫ్రాన్సులోని గుహకు ఏడో వంతు కొలతలో 1896లో కట్టినది. ఆ చలిలో కూడా పిల్లలు వచ్చి కొవ్వొత్తి వెలిగించి వెళ్తున్నారు. మా అబ్బాయి ఆ మూడు రాత్రుల కోసం మేమూ ఒకటి వెలిగించాము.

పవిత్ర సిలువ సభను 1837లో స్థాపించిన ధన్యజీవి బాసిల్ మోరో గురువులు, బుద్ధిని పెంచుతూ హృదయాన్ని ఎండబెట్టవద్దని తన సభవారికి బోధించారు. మన మేత్రాసనాలలోనూ సిస్టర్లు, గురువులు నడిపే హాస్టళ్ళున్నాయి. వాటిలో పిల్లల మధ్యనే ఉండి, వారి తలకు నూనె రాసి, జ్వరం వస్తే రాత్రంతా కూర్చునే సిస్టర్లను మేమెరుగుదుము. వారికి బంగారు గుమ్మటం లేదు. కాని ఆ పని ఇదే. మిగతా హాస్టళ్ళకు కూడా దీనికి డాలర్లు అక్కరలేదు. పెద్ద పిల్లలలో నెమ్మదస్తులను కొందరిని ఎంచి, ఒక్కొక్కరికి పదిమంది చిన్నవారిని అప్పగించి, వారానికొకసారి కూర్చోబెట్టి ఆ పదిమంది పేర్లు అడిగితే చాలు. మంచి కాపరి గొర్రెలను పేరు పెట్టి పిలుస్తాడని ప్రభువు చెప్పారు. లెక్కపెట్టడం జీతగాడికీ వచ్చు.

తిరిగి వచ్చిన తరువాత మా అబ్బాయికి ఇదంతా చెప్పాము. ఇప్పుడు వాడికే బడికి వెళ్ళే పిల్లలున్నారు. అంతా విని, "మందు లేకపోయినా ఫరవాలేదమ్మా. ఎవరైనా వచ్చి ఒరే, ఎలా ఉందిరా అని అడిగితే బాగుండునని అప్పుడు అనిపించింది" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా వాడు మాకు చెప్పని మాట అది.

వచ్చే జూన్‌లో మీరు ట్రంకుపెట్టె దించే చోట, ఫీజు రసీదు తీసుకున్న తరువాత, ఆ ఒక్క ప్రశ్న కూడా అడగండి. రాత్రి పూట ఇక్కడ ఎవరుంటారు? వారికి మా బిడ్డ పేరు తెలుస్తుందా?