పేరు సరిచూసే సారు

బాపట్ల దాటాక స్టూవర్టుపురం, ఆ తర్వాత ఈపూరుపాలెం. రైలు కిటికీలోంచి ఈ రెండు బోర్డులూ కనిపిస్తే చాలు, అక్క ఇల్లు వచ్చేసినట్టే నాకు. సెప్టెంబరు మొదటివారంలో ఒక తెల్లవారుజామున చీరాలలో దిగాను. స్టేషను బయట ఇడ్లీ బండి అప్పుడే పొగలు కక్కుతోంది. పక్కన ఆగిన ఆటోలో మనిషి కూర్చోడానికి చోటు లేకుండా బట్టల మూటలు. చిన్న బొంబాయి అని ఈ ఊరికి ఊరికే పేరు రాలేదు.

నేను వచ్చింది చీరలు కొనడానికి కాదు. మా మేనకోడలు ఎనిమిదో తరగతి చదువుతోంది, ఊరి శివారు జిల్లా పరిషత్ హైస్కూల్లో. దాన్ని ప్రైవేటుకి మార్చాలని బావ, వద్దని అక్క. నెలరోజులుగా ఇంట్లో ఇదే పంచాయితీ. "నువ్వొచ్చి ఆ బడేందో ఒకసారి చూసి చెప్పరా, నీ మాటైతే మీ బావ వింటాడు" అంది అక్క ఫోన్లో. వాళ్ల పెళ్లయి ఇరవయ్యేళ్లు. బావ నా మాట విన్న సందర్భం నాకైతే గుర్తులేదు. అయినా బయల్దేరాను.

ఇంట్లోకి అడుగుపెట్టేసరికి బావ మగ్గం గుంటలో ఉన్నాడు. తల తిప్పకుండానే "రా బావా, కూచో" అన్నాడు. కుప్పడం చీర నడుస్తోంది. అంచు ఒక రంగు, నడుమ ఇంకో రంగు. ఆ రెండూ కలిసే చోట చెయ్యి తడబడితే చీర ధర అక్కడే పడిపోతుంది. అందుకే మాట్లాడుతున్నా ఆయన కళ్లు పడుగు మీదే ఉంటాయి. పక్కన పీట మీద మేనకోడలు రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. ఒళ్లో లెక్కల పుస్తకం తెరిచి ఉంది. కుడిచెయ్యి రాట్నం తిప్పుతుంటే ఎడమచేతి వేళ్ల సందున దారం జారిపోతోంది. కండె నిండిందని చూడకుండానే దానికి తెలిసిపోతుంది. తీసి బుట్టలో వేసి, ఆ చేత్తోనే పేజీ తిప్పుతోంది.

"ఎనిమిదింపావుకి క్లాసుంది మావయ్యా, వస్తావా?" అంది.

బడి తొమ్మిదికి కదా అంటే, ఇది బడి క్లాసు కాదట, ఎన్‌ఎంఎంఎస్ క్లాసట.

దాంతోపాటు బడికెళ్లాను. కాంపౌండు గోడకు కొత్త రంగు, మరుగుదొడ్లలో నీళ్లు, ప్రతి గదిలో ఫ్యాన్లు. మేం చదువుకున్న రోజుల్లో హైస్కూలంటే వేపచెట్టు, కింద ఇసుక, అంతే. 2019 నవంబరు 14న పక్కనున్న ఒంగోలులోనే ప్రభుత్వ బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకం మొదలుపెట్టారు. దాని ఆనవాళ్లు ఇక్కడ గట్టిగానే కనిపిస్తున్నాయి. ప్రభుత్వం మారాక పథకాల పేర్లు మారాయి. గోరుముద్ద పోయి డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం వచ్చింది. పిల్లలకు మాత్రం అది ఎప్పటికీ 'అన్నం బెల్లే'. మెచ్చుకోలేనివీ ఉన్నాయి. సైన్సు ల్యాబు తాళం నేనున్నంతసేపూ తియ్యలేదు. హిందీ టీచరు పోస్టు ఖాళీగా ఉంటే, ఆ పీరియడ్లు ఎవరికి వీలైతే వాళ్లు తీసుకుంటున్నారు.

ఎనిమిదింపావుకి ఒక గదిలో ముప్పైమంది దాకా పిల్లలు. లెక్కల సారు బోర్డు మీద వరుస పెట్టి అంకెలు రాసి, తర్వాత వచ్చేదేదో చెప్పమంటున్నారు. నేషనల్ మీన్స్ కం మెరిట్ స్కాలర్‌షిప్ అనే ఆ పొడుగాటి పేరు వెనకున్న సంగతి చిన్నదే. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిది చదివే పిల్లలు రాసే పరీక్ష ఇది. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. తర్కానికి 90 ప్రశ్నలు, పాఠాల మీద 90. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000 రూపాయలు పిల్లల ఖాతాలోనే పడతాయి. దేశం మొత్తం మీద ఏటా లక్షమందికి.

నన్ను ఆకట్టుకున్నది ఆ అంకెల ఆట కాదు. క్లాసయ్యాక సారు చేసిన పని. పిల్లలందరూ ఆధార్ కార్డు జిరాక్సులు తెచ్చారు. ఆయన బల్ల మీద బడి రిజిస్టరు తెరిచి, కార్డు పక్కన పెట్టి, స్కేలు ఆనించి ఇంగ్లీషులో ఉన్న పేరు ఒక్కో అక్షరం చూస్తున్నారు. ఒకడి ఇంటిపేరు ఒకచోట ముందుంది, ఒకచోట వెనకుంది. మా మేనకోడలి వంతు వచ్చింది. ఆధార్‌లో లక్ష్మికి ఒక హెచ్ ఎక్కువ.

"సార్, ఒక్క అక్షరమే గదా" అన్నాను.

"ఆ ఒక్క అక్షరానికే డబ్బు ఆగిపోద్దండీ" అన్నారాయన, ఎర్ర పెన్నుతో దాని చుట్టూ సున్నా చుడుతూ. "పరీక్ష నెగ్గిన పిల్లలే పేరు కలవక, ఖాతా ఆధార్‌తో ముడిపడక తిరగడం చూశాను. లెక్కలు ఎప్పుడైనా నేర్పుకోవచ్చు. ఇది మాత్రం ఇప్పుడే."

నాకు నా పదో తరగతి గుర్తొచ్చింది. నాగార్జునసాగర్ రెసిడెన్షియల్ కాలేజీ ప్రవేశ పరీక్ష రాయాలని ఎంతో ఆశ. మా ఊరి హైస్కూల్లో ఆ ప్రకటన నోటీసు బోర్డుకెక్కింది, గడువు దాటిన వారానికి. అడిగితే బీరువాలో ఉండిపోయిందన్నారు. నాకు ఆ సీటు వచ్చేదో లేదో తెలియదు. రాయనే లేదు కదా! అప్పట్నుంచీ ఏ బడికెళ్లినా ముందు నోటీసు బోర్డు మీద తేదీ చూడటం అలవాటైపోయింది.

ఇక్కడి బోర్డు చూశాను. కాగితం తాజాది.

హెచ్‌ఎం గదిలో టీ ఇచ్చారు. గోడకు ఒక చార్టు: పదో తరగతి తర్వాత ఏముంది? పాలిసెట్, రెసిడెన్షియల్ కాలేజీలు, ట్రిపుల్ ఐటీ. ట్రిపుల్ ఐటీ ఎదురుగా '4 శాతం' అని ఎర్రగా రాసి కింద గీత గీశారు. నాన్ రెసిడెన్షియల్ ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు ట్రిపుల్ ఐటీ ప్రవేశాల్లో 4 శాతం అదనంగా కలుపుతారు. నూజివీడు, ఇడుపులపాయ, శ్రీకాకుళం, ఒంగోలుల్లో ఉన్నాయవి. పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల ఇంజనీరింగు చదువు. ఒంగోలు ఇక్కణ్ణుంచి రైల్లో గంట దూరం.

చార్టు చివర పెన్సిలుతో ఇంకో పేరుంది. వెంకటగిరి చేనేత కళాశాల. పదో తరగతి అర్హతతో మూడేళ్ల డిప్లొమా. దానికి పెట్టింది ప్రగడ కోటయ్యగారి పేరు. చేనేత కార్మికుల కోసం జీవితమంతా కొట్లాడి, చీరాల ఎమ్మెల్యేగా కూడా చేసిన మనిషి.

"దాన్నెందుకు పెన్సిలుతో రాశారు?" అన్నాను.

హెచ్‌ఎం నవ్వారు. "పెన్నుతో రాస్తే తల్లిదండ్రులు గొడవ పెడతారండీ. మళ్లీ మగ్గమేనా అంటారు."

మాటల్లో 1921 వచ్చింది. మునిసిపాలిటీ పేరుతో పన్నులు పెంచితే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద చీరాల-పేరాల జనం ఇళ్లొదిలి రామనగర్ వెళ్లి పదకొండు నెలలు పాకల్లో ఉన్నారు. "అంతటి ఊళ్లో ఒక ఫారం గడువులోపు నింపించలేమా!" అన్నారాయన. వెంటనే గొంతు తగ్గించి, "బడి పేరు మాత్రం రాయకండి, దిష్టి తగుల్తుంది" అన్నారు. రాయడం లేదు.

సాయంత్రం బడి వదిలాక మేనకోడల్ని ఆటోలో వేటపాలెం తీసుకెళ్లాను. పది కిలోమీటర్ల లోపే. అయినా సారస్వత నికేతనం గడప అది ఎన్నడూ తొక్కలేదు. 1918లో పెట్టిన గ్రంథాలయం. 1929లో గాంధీగారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇంకా అక్కడే ఉంది. పాత పత్రికల సంపుటాల వాసన చూసి పిల్ల తుమ్మింది. కర్రను మాత్రం చాలాసేపు చూసింది. "ఇంత సన్నగా ఉందేంటి మావయ్యా" అంది. బడి చార్టులో ఈ గ్రంథాలయం పేరు లేదు. ఉండాల్సింది. ఆ మాట హెచ్‌ఎంగారికి ఫోన్లో చెప్తే, ఒక శనివారం పిల్లల్ని తీసుకెళ్తామన్నారు.

రాత్రి భోజనాల దగ్గర బావ మొదలుపెట్టాడు. "తల్లికి వందనం డబ్బులు ప్రైవేటుకైనా వస్తాయి గదా బావా. ఇంకేంది నష్టం?"

"ప్రైవేటుకి పోతే రెండు పోతాయి. ఏడాదికి పన్నెండు వేల పరీక్ష రాసే వీల్లేదు. ట్రిపుల్ ఐటీలో ఆ నాలుగు శాతం కలవదు."

"పన్నెండు వేలా?"

"నాలుగేళ్లు. నలభై ఎనిమిది వేలు."

బావ ముద్ద కలపడం ఆపాడు. పొద్దున్నుంచీ ఆయన చెయ్యి ఆగడం నేను చూడటం అదే మొదటిసారి. ల్యాబు తాళం సంగతీ, హిందీ టీచరు సంగతీ కూడా చెప్పాను. దాచలేదు. నా లెక్క ఒకటే. ప్రైవేటు బడిలో ల్యాబు తెరిచి ఉండొచ్చు. కానీ మగ్గం ఇంటి పిల్లకు రావాల్సిన డబ్బు ఏ అక్షరం దగ్గర ఆగుతుందో స్కేలు పెట్టి వెతికే మనిషి అక్కడ ఉంటాడని నాకు నమ్మకం లేదు.

వెంకటగిరి సంగతి చెప్పబోతే బావ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆ మాట మాత్రం ఎత్తబాక." మేనకోడలు తల వంచుకుని నవ్వింది. అది ఎందుకు నవ్విందో నేను అడగలేదు.

మర్నాడు పొద్దున బావ మగ్గం దిగి చొక్కా వేసుకున్నాడు. చీర సగంలో ఆపి ఆయన బయటికి కదలడం ఎంత అరుదో అక్క మొహం చూస్తే తెలిసింది. ఇద్దరూ ఆధార్ కేంద్రానికి వెళ్లారు. నేను రైలెక్కాను. పది రోజుల తర్వాత అక్క ఫోన్ నుంచి మెసేజీ వచ్చింది, రాసింది మాత్రం మేనకోడలే: "హెచ్ పోయింది మావయ్యా. సారు ఫారం పంపేశారు."

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ప్రభుత్వ బడిలో ఎనిమిది చదివే పిల్లలుంటే ఒక్క పని చేయండి. ఈ ఆదివారం ఆధార్ కార్డునీ, ప్రోగ్రెస్ కార్డునీ పక్కపక్కన పెట్టి, స్కేలు ఆనించి, పేరు అక్షరం అక్షరం సరిచూడండి.