గడియారమునకు తగిన గొలుసు

మన యిండ్లలో పాతవస్తువులు ఎన్నియో యుండును. కొన్ని నేటికిని పనికివచ్చును. కొన్ని జ్ఞాపకార్థమై మాత్రమే నిలిచియుండును. పనికివచ్చుచునే పెద్దలను జ్ఞప్తికి తెచ్చు వస్తువులు తక్కువ. కీ యిచ్చిన వెంటనే నడచు పాత చేతిగడియారము అట్టివానిలో నొకటి. కాని గడియారము నిలిచినంతకాలము దానిని మణికట్టునకు కట్టు పట్టీ నిలువదు. తోలుపట్టీ చెమటకు చివుకును. ఉక్కుగొలుసు కీళ్లు అరిగి సాగిపోవును. అందుచేత పాత గడియారము పలుమారు పట్టీ లేకయే మనుమల చేతికి వచ్చును. అప్పుడు దానికి ఎట్టి గొలుసు వేయవలెను? చిన్నదిగా తోచు ఈ ప్రశ్న నాకు చాల సంగతులు నేర్పినది.

మా తాతగారు విజయవాడలో రైలుబండి గార్డుగా పనిచేసిరి. ప్రతి స్టేషనులోను బండి వచ్చిన వేళను, కదలిన వేళను పుస్తకములో వ్రాయుట గార్డు విధి. ఆయన 1969లో హెచ్.ఎం.టి. వారి ‘జనత’ గడియారమును కొనిరి. అంతకు కొన్ని యేండ్లకు పూర్వము మన దేశములో చేతిగడియారమనగా చాలవరకు స్విట్జర్లాండు నుండి వచ్చినదే. 1961లో జపానుదేశపు సిటిజన్ సంస్థ సహకారముతో బెంగుళూరులో హెచ్.ఎం.టి. గడియారముల కర్మాగారము వెలసెను. దానితో సామాన్యోద్యోగులును స్వదేశపు గడియారమును కట్టుకొనగలిగిరి. ఆ గడియారముల సంస్థను మూసివేయుటకు 2016లో కేంద్రప్రభుత్వము నిర్ణయించెను. అయినను అది చేసిన గడియారములు ఎన్నో యిండ్లలో ఇంకను నడచుచున్నవి. మా ‘జనత’లో ఇరుసులు అరుగకుండ కాపాడు కెంపురాళ్లు 17 కలవు. అది సెకనుకు 5 మార్లు కొట్టుకొనును.

తాతగారి తరువాత ఆ గడియారము చాలకాలము పెట్టెలో నుండెను. నేను దానిని శుభ్రము చేయించి నడిపించితిని. నాయనమ్మ దానిని చెవికడ నుంచుకొని విని, “ఆయన చేతికి ఉన్నట్లే దీనిని నీ చేతికి చూడవలెనని యున్నదిరా” అనెను. కాని గొలుసు ఎప్పుడో పోయినది. “దానికేమి? కొత్త చైను ఒకటి వేయించుము. ఐదు నిమిషముల పని” అని బాబాయి అనెను. కొత్తది వేసినను గడియారము కాలమును సరిగానే చూపును. అయినను నాయనమ్మ కోరినది కాలము చూచుటకు కాదుగదా! ఆ కాలపు గొలుసునే వెదకవలెనని నిశ్చయించుకొంటిని.

వెదకుటకు ముందు ఏమి వెదకవలెనో తెలియవలెను. పూర్వము పురుషులు గడియారమును జేబులో నుంచుకొనెడివారు. మొదటి ప్రపంచయుద్ధములో సైనికుల వలన దానిని చేతికి కట్టుకొను అలవాటు ప్రబలెను. నాటినుండి పట్టీలు, గొలుసులు కాలానుగుణముగా మారుచు వచ్చినవి. సన్నని ఉక్కురేకును మడచి లంకెలు చేయుట ఒక పద్ధతి. గట్టి లోహమును కోసి చేయుట మరియొక పద్ధతి. మడతరేకు గొలుసు తేలికగా నుండును, చేతిలో గలగలలాడును. గట్టి లంకెల గొలుసు బరువుగా నుండును. ప్రతి లంకెలోను చిన్న స్ప్రింగు నమర్చి, లాగినచో సాగి, విడిచినచో ముడుచుకొనునట్లు చేసిన గొలుసులు ఇంకొక రకము. అమెరికాలో 1959లో వచ్చిన ‘ట్విస్ట్-ఓ-ఫ్లెక్స్’ ఈ రకములో ప్రసిద్ధమైనది.

తగిన గొలుసనగా ఖరీదైనదని గాని, ఆనాటి ప్రకటనలలో కానవచ్చునదని గాని తలపరాదు. దీనికొక నిదర్శనము చెప్పెదను. 1969 జూలైలో అపోలో 11 వ్యోమగాములు ఒమేగా స్పీడ్‌మాస్టర్ గడియారములను తీసికొనిపోయిరి. అంగళ్లలో ఆ గడియారము ఉక్కుగొలుసుతో దొరకెడిది. కాని లావైన అంతరిక్షవస్త్రము పైనుండి ఆ గొలుసు పట్టదు. కావున వారు పొడవైన వెల్క్రో పట్టీని వాడిరి. ఆ గడియారముల విషయమున, బట్టతో చేసిన ఆ పట్టీయే తగినది. కట్టుకొన్నవాని పని యెట్టిదో, పట్టీయు నట్టిదే.

ఈ సూత్రమును మా గడియారమునకు వర్తింపజేసి చూచితిని. దాని పెట్టెకు ఇరువైపుల రెండేసి కొమ్ములు కలవు. వాని నడుమ దూరము 18 మిల్లీమీటర్లు. గొలుసు కొన ఒక మిల్లీమీటరు తక్కువైనను అటునిటు ఆడును. ఎక్కువైనచో అసలు దూరదు. భూతద్దముతో చూడగా ఆ కొమ్ముల లోపలివైపున అర్ధచంద్రాకారముగా గీతలు కనబడెను. తోలు అట్టి గీతలను చేయలేదు. ఉక్కు రాచుకొన్నచో అవి యేర్పడును. తరువాత 1971 నాటి ఛాయాచిత్ర మొకటి దొరకెను. అందు తాతగారు తెల్లని దుస్తులతో, చేత పచ్చజెండాతో నిలిచియుండిరి. మణికట్టున ఉన్నది సాగుడు గొలుసు. దాని కారణమును ఊహింపవచ్చును. విజయవాడ యెండలో తోలుపట్టీ ఎంతోకాలము నిలువదు. సాగుడు గొలుసునకు కొక్కెముతో పనిలేదు. ఒక చేత జెండాయో లాంతరో యున్నను త్రోసికొని తొడుగుకొనవచ్చును.

హైదరాబాదులో జుమేరాత్ బజారు అను పాతసామానుల అంగడి కలదు. అచట ఒక వ్యాపారి తళతళలాడు సాగుడు గొలుసును చూపి, “అరువది యేండ్లనాటి విదేశీ సరుకు, అయ్యా!” అనెను. వెల చాల యెక్కువ. వాడని పాతసరుకు దొరకుట అసంభవము కాదు. కావున దానిని త్రిప్పి చూచితిని. ఆ కాలమున పేరును అచ్చుతో కొట్టెడివారు. అట్లు కొట్టినచోట లోహము లోనికి నొక్కుకొనును. దీనిపై అక్షరములు నొక్కుడు లేక, లేసరు కిరణముతో కాల్చినట్లు నల్లగా నుండెను. గొలుసు మంచిదే గాని దానిపై వ్రాత అబద్ధము. నేను నమస్కరించి వచ్చివేసితిని.

తుదకు విజయవాడ పాతబస్తీలో గడియారములు బాగుచేయు వృద్ధుని దుకాణములో నా వెదకులాట ఫలించెను. ఆయన ఒక రేకుడబ్బాను బల్లపై బోర్లించెను. దానినిండ పాతగొలుసులు, విరిగిన లంకెలు, స్ప్రింగు పిన్నులు. ఛాయాచిత్రమును చూచి, వానిలోనుండి ఒకదానిని ఏరి, సబ్బునీట కడిగి, రెండు లంకెలు తీసి నా చేతికి సరిపరచెను. దానిపై గీతలున్నవి, ఒకచోట మెరుగు పోయినది. రెండు వందల రూపాయలు మాత్రమే తీసికొని ఆయన ఇట్లనెను: “బాబూ! ఇది మీ తాతగారిది కాదు, ఆ కాలపుది. ఆ రెంటికిని భేదమున్నది. అడిగినవారికి ఆ మాట చెప్పుడు.”

ఇంటికి రాగానే ఆ భేదమే సమస్య యైనది. “అమ్మకు చూపు మందగించినది. అసలుదే పెట్టె అడుగున దొరకెనని చెప్పుము, ఎంతో సంతోషించును” అని బాబాయి అనెను. ఆయన ఉద్దేశము మంచిదే. కాని అంగడిలోని అబద్ధమును విడిచివచ్చి, ఇంటిలో దానినే పలుకుటకు నాకు మనసొప్పలేదు. “నాయనమ్మా, గడియారము తాతగారిది, గొలుసు ఆయనది కాదు, అటువంటిది” అని చెప్పితిని. ఆమె గొలుసును వ్రేళ్లతో లాగి విడిచి నవ్వెను. “నాకు తెలియదా! ఆయన గొలుసులో ఒక లంకె వంగి వెండ్రుకలను పీకుచుండెడిది. రోజూ విసుగుకొనెడివారు. దీనికి ఆ లంకె లేదు” అనెను. తరువాత నా మణికట్టును తన రెండు చేతులతో పట్టుకొని, “అయినను చేయి ఇట్లే యుండెడిది” అనెను. ఆ సాయంకాలము తాతగారి రాత్రిబండ్ల సంగతులు, మేమెవ్వరమును వినని వానిని, ఆమె చాలసేపు చెప్పెను.

బాలబాలికలారా! మీ యింటిలోను పెద్దల కలమో, కండ్లజోడో, గడియారమో యుండవచ్చును. అందు విరిగిన భాగమునకు బదులు మరియొకటి చేర్చుట దోషము కాదు. వాడుకలో నుండు వస్తువునకు అది తప్పదు. ఆ చేర్చునది కాలమునకు, కట్టుకొన్నవారి బ్రతుకునకు తగినదై యుండవలెను. ఏది అసలుదో, ఏది చేర్చినదో దాచక చెప్పవలెను. పురావస్తుశాలలలో సయితము ఇట్టి మరమ్మతులను వ్రాసియుంచుదురు. మా గడియారపు డబ్బాలో ఇప్పుడు చిన్న కాగితమున్నది: “గడియారము తాతగారిది, 1969లో కొన్నది. గొలుసు ఆ కాలపుది. తరువాత విజయవాడలో కొని వేసినది.” రేపు దానిని తీసికొనువారు ఎవరైనను, వారికి ఆ మూడు వాక్యములు చాలును.