అవ్వకు జాలి లేదన్నాను

పోయిన ఏడు ఎన్.ఎస్.ఎస్. క్యాంపుకు వచ్చిన పశువుల డాక్టరుగారు ఒక మాట చెప్పినారు. పాలలో దాదాపు 87 శాతం నీళ్ళే, అందుకే పాలిచ్చే ఆవుకు దాహమైనప్పుడల్లా నీళ్ళు అందాలి అని. హోసూరు దగ్గరి మా ఊరికి సెలవులకు పోయిన రోజే ఆ మాట అవ్వకు అప్పజెప్పినాను. మా సీమావుకు అవ్వ పొద్దునొకసారి, సాయంత్రమొకసారి కుడితి పెడుతుంది, అంతే. “మధ్యాహ్నమంతా దాని నోరు ఎండిపోతుంది, నీకు జాలి లేదా అవ్వా?” అనేసినాను.

“నలభై ఏండ్లుగా ఆవుల్ని సాకతా ఉండా. నాకు నేర్పేదానికి వస్తివా?” అంది అవ్వ. ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. ఆ పాల డబ్బుతోనే నా ఫీజు కట్టిందని నాకప్పుడు గుర్తుకే రాలేదు.

తిరిగొచ్చి, సైకాలజీ చదివే స్నేహితురాలితో చెప్పుకొన్నాను. 2011లో సూసన్ మిచీ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు రాసిన సంగతి ఒకటి చెప్పింది. మనిషి ఒక పని చేయాలంటే మూడు ఉండాలట: చేయగల శక్తి, చేసే వీలు, చేయాలనే కోరిక. పశువుల బాగు కోరేవాళ్ళు కూడా రైతుల దగ్గర ముందు ఈ మూడింటినే చూస్తున్నారట.

సంక్రాంతికి పోయి, ఈసారి ఏమీ చెప్పకుండా నేనే మధ్యాహ్నం నీళ్ళు మోసినాను. కొళాయి వీధి వాకిట్లో, కొట్టం పెరట్లో. ఆరో బకెట్టుకే నడుము పట్టేసింది. అవ్వకేమో మోకాళ్ళ నొప్పులు. కోరిక ఉంది, శక్తీ వీలూ లేవు. ఉన్న జాలినే నేను లేదన్నాను.

పశువుల పండగ రోజు కొమ్ములకు రంగు పూసినాక, మామా నేనూ కొళాయి నుంచి కొట్టం దాకా పైపు వేసి, ఆవుకు అందేచోట పాత సిమెంటు తొట్టి పెట్టినాము. మిట్టమధ్యాహ్నం ఆవు మూతి ముంచి తలెత్తకుండా తాగింది. అవ్వ చూసి ఏమీ అనలేదు. మరునాడు లేచి చూస్తే, కొబ్బరి పీచుతో ఆ తొట్టిని తోముతా ఉంది. దగ్గరికి పోయి, “తప్పుగా మాట్లాడినాను అవ్వా” అన్నాను. “చెంబు అందియ్యి” అంది.

ఆవు తలుగు మాత్రం ఇంకా పొట్టిగానే ఉంది. పొడుగు చెయ్యమని ఈసారి చెప్పను. ఎందుకు పొట్టిగా కడతావని అవ్వనే అడుగుతాను.