మోజెల్ ఒంపుల్లో రీస్లింగ్

మోజెల్ నది ఫ్రాన్స్‌లో, వోజ్ కొండల్లోని బుస్సాంగ్ దగ్గర పుడుతుంది. దాని ఒడ్డున ఉన్న ఎపినాల్, మెట్జ్ ఊళ్ళను రైలు కిటికీలోంచి చూసినంతే. లోరైన్ సోడా ఫ్యాక్టరీల ఉప్పునీళ్ళు మర్త్ ఉపనది మీదుగా ఇందులోకే వస్తాయి. ఇంకాస్త దిగువన కాటెనోమ్ అణువిద్యుత్ కేంద్రం ఇవే నీళ్ళు తోడుకుంటుంది. ఆ దిగువనే షెంగెన్. మన వీసాల మీద కనిపించే ఆ పేరు ఈ ఒడ్డున ఉన్న చిన్న పల్లెది. 1985లో ఒప్పందం మీద సంతకాలు జరిగింది కూడా నదిలో నిలిపిన పడవలోనే.

జర్మనీలో ట్రియర్ దాటాక నదికి తొందర పోతుంది. పీస్‌పోర్ట్, బెర్న్‌కాస్టెల్, వేలెన్, ఉర్‌ట్సిగ్ చుట్టూ మెలికలు తిరుగుతుంది. ప్రతి మెలికలోనూ దక్షిణానికి తిరిగిన ఏటవాలు మీదే మేలైన ద్రాక్ష. యాభయ్యో అక్షాంశం దగ్గర ఎండ దొరకడమే కష్టం. ఉన్న ఎండను వృథా పోనివ్వకూడదు. నీళ్ళ మీద పడ్డ వెలుతురు తోటలోకి తిరిగొస్తుంది. నేలంతా పలకరాయి, మార్కాపురం పలకల్లా పొరలు పొరలుగా విరిగేది. పగలు తాగిన వేడిని రాత్రి తీగలకు ఇస్తుంది.

ఏప్రిల్ చివర చిగురు, జూన్‌లో పూత. రీస్లింగ్ ఆలస్యంగా పండే రకం. అక్టోబరు చలి రాత్రుల్లో పులుపు నిలబెట్టుకుంటూనే నిదానంగా తీపెక్కుతుంది. అందుకే ఇక్కడి కాబినెట్ తరగతి వైన్‌లో ఆల్కహాల్ ఎనిమిది శాతం దగ్గర ఉన్నా రుచి పలచబడదు.

ఒకసారి కోతల్లో ఓ రైతు కుటుంబంతో పనిచేశాను. ఒక్కో తీగ ఒక్కో గుంజకు, దాని కొమ్మల్ని హృదయాకారంలో వంచి కట్టారు. చేతిలో కత్తెర, కాళ్ళకింద జారే రాతి ముక్కలు. బూజు పట్టి ముడతలు పడ్డ గింజల్ని పారెయ్యబోతే ఇంటావిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. అసలు తీపి వాటిలోనే ఉందట, వాటికి వేరే బక్కెట్టు. నిండిన బుట్టలు ఒంటి పట్టా మీద నడిచే చిన్న బండెక్కి కిందికి దిగాయి.

ఉర్‌ట్సిగ్ దగ్గర తల ఎత్తితే దాదాపు 160 మీటర్ల పైన కాంక్రీటు స్తంభాల మీద ఉక్కు వంతెన. ప్రచ్ఛన్న యుద్ధం నాటి ఆలోచన, 2019 నవంబరులో తెరుచుకుంది. కొండమీది రోడ్డు అడుగునుంచి తోటలకు ఊరే నీటి దారులు చెడతాయని రైతులు మొత్తుకున్నారు, పేరున్న వైన్ విమర్శకులూ గొంతు కలిపారు. లారీలకు కాస్త దూరం తగ్గించడానికి ఇంత లోయ ముఖాన గీత గీయాలా? నాకైతే ఒళ్ళు మండింది.

ఆ చలికాలమే ఇంకో దెబ్బ తగిలింది. మంచు వైన్‌కు గింజలు తీగ మీదే గడ్డకట్టాలి, కనీసం మైనస్ ఏడు డిగ్రీల చలి ఉండాలి. అంత చలి రాక ఆ ఏడు జర్మనీలో ఎక్కడా అది తయారు కాలేదు. వేడెక్కిన వసంతాల్లో తీగలు ముందే చిగురిస్తున్నాయి. 2024 ఏప్రిల్ చివర గడ్డకట్టే చలికి మోజెల్ ఉపనదులైన సార్, రూవర్ లోయల్లో లేత చిగుళ్ళు చాలావరకు నల్లబడ్డాయి. అయినా ఒకప్పుడు చాలా ఏళ్ళు పంట పూర్తిగా పండక పుల్లగా మిగిలిన ఆ చల్లటి సార్ కొండలకే ఇప్పుడు గిరాకీ పెరుగుతోంది. ఎండకు తట్టుకోలేని రీస్లింగ్ కోసం అక్కడ నేల వెతికేవాళ్ళను కలిశాక, కొబ్లెంజ్‌లో రైన్ సంగమం చూడాలన్న ఆలోచన మాని సార్ వైపే రైలెక్కాను.