తుల్జాపూర్ వేస్ అవతల

మా చిన్నప్పటి ఇంటికి నాలుగు గోడలుండేవి. అందులో మూడే మావి, నాలుగోది కార్ఖానాది. ఆ గోడకు అవతల ఎనిమిది పవర్‌లూమ్ మగ్గాలు, ఇవతల మేం అయిదుగురం: తాత, నాయిన, అమ్మ, అక్క, నేను. షోలాపూర్ పేటల్లో పెరిగిన మన వాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. భివండీ వాళ్లకూ అక్కర్లేదు. మిగతా ఊళ్ల వాళ్ల కోసం రెండు మాటలు చెప్తాను.

మగ్గం ఆడితే గోడ కూడా ఆడుతుంది. మేకుకు తగిలించిన క్యాలెండర్ గాలి లేకున్నా ఊగుతుంటుంది. గూట్లో స్టీలు గిన్నెలు ఒకదానికొకటి తగిలి రోజంతా గలగలమంటాయి. గోడకు అరచెయ్యి ఆనిస్తే లోపల ఏదో ప్రాణమున్నట్టు వణుకుతుంది. ఇంట్లో ఎవరూ మామూలుగా మాట్లాడరు, అరుస్తారు. "అన్నం తిన్నవా" అని అడగడం కూడా కొట్లాటలాగే వినిపిస్తుంది. చుట్టాలు కొత్తగా వస్తే వీళ్లకు ఇంత కోపమెందుకని అనుకునేవాళ్లు.

ఆ కార్ఖానా గోడ మీద గూటి పక్కన సున్నం పెచ్చులూడి ఒక ఆకారం తేలింది. పైన అడ్డంగా గీత, రెండు పక్కల నిలువుగా గీతలు. అచ్చం తలుపులా ఉండేది. రాత్రి పాళీ నడుస్తుంటే నేను దానివైపు తిరిగి పడుకునేవాణ్ణి. గోడ వణుకుతుంటే అవతల నుంచి ఎవరో ఆగకుండా తలుపు కొడుతున్నట్టు ఉండేది. లేచి నెడితే తెరుచుకుంటదని నమ్మకం. తెరుచుకుంటే అవతల మగ్గాలు ఉండవు, బీములు ఉండవు, దూది ధూళి ఉండదు. అక్కడ హిప్పర్గా చెరువు ఉంటది. తలుపు గడప దాకా నీళ్లు ఉంటయి.

నాకు ఆ చెరువే ఎందుకంటే, ఏడెనిమిదేళ్ల వయసులో నేను చూసిన దూరదేశం అదొక్కటే.

కార్ఖానాకు వారానికి ఒక్కరోజు సెలవు. ఆ రోజు పొద్దున్నే నాయిన సైకిల్ తుడిచి నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకునేవాడు. కడ్డీ కుచ్చుకోకుండా పాత చద్దర్ ముక్క ఒకటి మడిచి వేసేవాడు. కన్నా చౌక్ దాటి తుల్జాపూర్ వేస్ మీదుగా తుల్జాపూర్ రోడ్డు పట్టేవాళ్లం. ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు పోతే చెరువు. కట్ట కింద సైకిల్ నిలబెట్టి పైకెక్కేవాళ్లం. ఎక్కేటప్పుడు మట్టి, గడ్డి తప్ప ఏమీ కనిపించదు. చివరి అడుగు వేయగానే ముందర ఒక్కసారిగా నీళ్లు. ఎన్నిసార్లు ఎక్కినా అది నాకు కొత్తగానే ఉండేది.

కాగితాల్లో ఆ చెరువు పేరు ఎక్రుక్. ఆదిలా అనే చిన్న నదికి అడ్డంగా మట్టికట్ట వేసి బ్రిటిష్ వాళ్లు కట్టించారు. 1871లో పూర్తయింది. కట్ట పొడవు రెండు కిలోమీటర్లు దాటుతుంది, ఎత్తు ఇరవై మీటర్ల పైనే. షోలాపూర్ జిల్లా వానలు మొహం చాటేసే జిల్లా. అందుకే కాలువలు తవ్వి ఈ నీళ్లు పొలాలకు ఇచ్చారు, ఊరికి తాగడానికీ ఇచ్చారు. భీమా నది మీద ఉజనీ డ్యామ్ వచ్చేది చాలా తర్వాత, 1980లో. అప్పటిదాకా ఊరికి ఈ చెరువు ఎంత పెద్ద దిక్కో మా తాత తరం వాళ్లకు తెలుసు.

తాత లెక్క వేరే ఉండేది. "చెరువు ముందు, మిల్లు తర్వాత" అనేవాడు. నిజమే. చెరువు 1871లో అయితే, ఊళ్లో మొదటి బట్టల మిల్లు, మనం జూనీ మిల్లు అనేది, 1877లో నడక మొదలుపెట్టింది. 1876 నుంచి రెండేళ్లు దక్కన్ అంతా గొప్ప కరువు. అప్పుడూ, ఆ తర్వాతా నిజాం ఇలాకా నుంచి మన మగ్గపోళ్లు కూలి వెతుక్కుంటూ పడమటికి నడిచారు. మా తాత వచ్చింది ఎంతో తర్వాత, నల్లగొండ వైపు నుంచి. గుంటమగ్గం వదిలి వచ్చి జూనీ మిల్లులో చేరాడు. మిల్లు భోంగా మోగితేనే ఊరు లేచేదట. ఆ మిల్లు మూతపడ్డాక కూడా ఆయన పొద్దున్నే అదే వేళకు లేచి కూర్చునేవాడు.

మళ్లీ కట్ట మీదికి వస్తాను. అక్కడ నాయిన ఏం చేసేవాడంటే, ఏమీ చేసేవాడు కాదు. కండువా పరిచి కూర్చునేవాడు. నేను రాళ్లు విసిరేవాణ్ణి, కొంగల్ని లెక్కపెట్టేవాణ్ణి. చలికాలంలో ఎక్కడెక్కడి బాతులో వచ్చి నీళ్ల మీద చుక్కల్లా తేలేవి. ఎండలు ముదిరి నీళ్లు వెనక్కి పోతే అడుగు నల్లరేగడి పగుళ్లుబారి బయటపడేది, గొర్రెల వాళ్లు అందులోకి దిగి మేపుకునేవాళ్లు. కొంతసేపటికి నాయిన ఏదో ఒకటి చెప్పడం మొదలుపెట్టేవాడు. నాడె ఎట్లా పోతదో, పోగు తెగితే మగ్గం తనంతట తానే ఎట్లా ఆగుతదో, తాను బడి ఎందుకు మానేశాడో. మెల్లగా చెప్పేవాడు. మా నాయిన అసలు గొంతు ఎట్లా ఉంటదో నాకు ఆ కట్ట మీదే తెలిసింది. ఇంట్లో నేను విన్నది ఆయన అరుపునే.

సాయంత్రం తిరిగి ఊళ్లోకి వచ్చేటప్పుడు మళ్లీ తుల్జాపూర్ వేస్. మరాఠీలో వేస్ అంటే ఊరి దర్వాజా అని నాయినే చెప్పాడు. పూర్వం ఊరి చుట్టూ గోడ ఉన్న రోజుల పేరది. ఇప్పుడక్కడ తలుపులు లేవు, రిక్షాలు, బండ్లు, జనం ఉన్న చౌరస్తా ఉంది. అయినా మన నోట్లో తలుపు మిగిలిపోయింది. బాలే వేస్, విజాపూర్ వేస్, తుల్జాపూర్ వేస్. మనం రోజూ ఆ తలుపుల్లోంచే వచ్చిపోతున్నాం, చూడటం లేదు. నేను ఇంట్లో గోడ మీద తలుపు కోసం వెతుకుతుంటే అసలుది బస్సులు పోయే రోడ్డు మీద పేరుతో సహా ఉంది.

ఇదంతా చాలా ఏళ్లు నా మనసులో ఒక తీపి ముచ్చటగానే ఉండిపోయింది. నలుగురు కూర్చుంటే చెప్పేవాణ్ణి. నా పిల్లలకూ చెప్పాను. 2020లో లాక్‌డౌన్ వచ్చి పేటలో మగ్గాలన్నీ ఒక్కసారి ఆగినప్పుడు మళ్లీ గుర్తొచ్చింది. అప్పటికి నేను వేరే కార్ఖానాలో టవల్ మగ్గాల మీద పని చేస్తున్నా. ఒకరోజు పని ఉండి పాత గల్లీలోకి పోతే ఆ గోడ ఊరకే నిలబడి ఉంది. చెయ్యి ఆనిస్తే వణుకు లేదు. చిన్నప్పుడు ఎంత కోరుకున్నానో ఆ నిశ్శబ్దాన్ని! కానీ మగ్గం ఆగితే కూలి ఆగుతది, ఇంట్లో బియ్యం ఎన్ని రోజులకు వస్తయో లెక్క మొదలవుతది. అట్లాంటి నిశ్శబ్దంలో ఏ తలుపూ తెరుచుకోదని ఆ రోజు అర్థమైంది.

ఆ రోజుల్లోనే అక్కకు ఫోన్ చేశాను. అక్కది భివండీ. అక్కడా మగ్గాలు బందు. మాటల్లో మాటగా చెరువు, సైకిల్, నాయిన కబుర్లు ఎత్తాను. అక్క అంతా విని, "నాకేం తెలుసు తమ్మీ, నేనెన్నడు పోలే గద" అన్నది.

నేను ఫోన్ పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఇన్నేళ్లలో ఆ ఆలోచనే రాలేదు నాకు. సైకిల్ మీద ముందు కడ్డీ ఉంది సరే, వెనక క్యారియర్ కూడా ఉంది కదా! అది ఖాళీగానే పోయి ఖాళీగానే వచ్చేది.

సెలవు కార్ఖానాకు గాని బీడీలకు కాదు. అమ్మ రోజుకు వెయ్యి బీడీలు చుట్టేది. తడిపిన తునికాకు కత్తెరతో కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, మూతులు మడవడం, ఇరవై అయిదుకో కట్ట. మూతులు మడిచే పని అక్కది. పొద్దుగూకేలోపు వెయ్యి పూర్తి కావాలి. కంపెనీలో ఛాట్ తీసి పక్కన పడేసినవి పోగా మిగిలినవాటికే లెక్క. నేనూ నాయినా కట్ట మీద కొంగల్ని లెక్కపెడుతుంటే ఇంట్లో వాళ్లిద్దరూ బీడీలు లెక్కపెట్టేవాళ్లు.

"నీకు కోపం రాలేదా అక్కా?" అని అడిగాను.

అక్క నవ్వింది. "కోపమెందుకు? మీరు పోయినంక ఇల్లు నిమ్మళంగ ఉండె. మగ్గాలు బందు, మీ లొల్లి బందు. అమ్మ మెల్లగ ముచ్చట్లు చెప్తుండె. వాళ్ల ఊరు, వాళ్ల అవ్వ, బతుకమ్మలు. అమ్మ గొంతు అట్లుంటదని నాకు గా రోజే తెలుస్తుండె. మీరు ఇంకింత లేటుగ వస్తే బాగుండు అనుకునేదాన్ని."

అంటే ఒకే రోజు మా ఇంటికి రెండు తలుపులు తెరుచుకునేవి. ఒకటి నాకు తెలుసు. రెండోది నేను గడప దాటి వెళ్తేనే తెరుచుకునేది. ఆ మాటతో నా బరువు కొంచెం తగ్గిందని అనుకున్నాను గాని, తగ్గలేదు. అమ్మ గొంతు మెల్లగా ఎట్లుంటదో నాకు తెలియదు కదా. నాకు యాభై ఏళ్లు దగ్గర పడుతున్నాయి.

అమ్మ ఇప్పుడు కుంభారీ దగ్గర బీడీ కార్మికుల కాలనీలో ఉంటుంది. గోదూతాయి పరులేకర్ పేరు మీద కట్టిన 10,000 ఇళ్లలో ఒకటి. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి ప్రారంభించిన కాలనీ. చిన్న ఇల్లే గాని నాలుగు గోడలూ అమ్మవే. ఏ గోడా వణకదు. మొదటి రోజుల్లో అమ్మకు అక్కడ నిద్ర పట్టలేదట. ఇప్పుడు బీడీలు మానేసింది, కళ్లు ఆనడం లేదు, మోకాళ్లు సహకరించవు.

పోయిన చలికాలం ఒకరోజు ఆటో మాట్లాడి అమ్మను హిప్పర్గా తీసుకుపోయాను. "యాడికి రా?" అని రెండుసార్లు అడిగింది. తుల్జాపూర్ వేస్ దాటుతుంటే అమ్మవారి దర్శనానికే అనుకుని కొంగు సర్దుకుంది. కట్ట ఎక్కించడానికి చాలాసేపు పట్టింది. నా భుజం పట్టుకుని, మూడు అడుగులకోసారి ఆగి, చివరి అడుగు కూడా వేసింది.

నీళ్లు చూసింది. వెనక్కి తిరిగి ఊరివైపు చూసింది. మళ్లీ నీళ్లు చూసింది.

"ఇంత దగ్గరనా?" అన్నది.

అంతే. ఇంకేమీ అనలేదు. నాకు జవాబు దొరకలేదు.

కండువా పరిచి కూర్చోబెట్టాను. జొన్నరొట్టె, పల్లీల చట్నీ మూట విప్పాను. అమ్మ వేళ్లు ఊరకే ఉండవు, ఒళ్లో కొంగు అంచును చుడుతూ, మడుస్తూనే ఉన్నాయి. కొంతసేపటికి తనే మొదలుపెట్టింది. "కోజాగిరి పున్నానికి తుల్జాపూర్ నడిచిపోయిన గద, నీకు యాదికున్నదా? గప్పుడు రాత్రి ఈడనే చల్లగాలి తగిలింది. యాడికెల్లి వస్తుందో అనుకున్న. తలెత్తి చూడలే. ముందటోళ్ల మడిమలు చూసుకుంటనే పోయిన."

నలభై అయిదు కిలోమీటర్లు వట్టికాళ్లతో నడిచే ఆ జనంలో తలెత్తి చూసే తీరిక ఎవరికి ఉంటుంది!

తర్వాత వాళ్ల ఊరి చెరువు సంగతి చెప్పింది. బతుకమ్మను నీళ్లలో వదిలాక తంగేడు పూలు ఒక్కొక్కటిగా విడిపోయి ఒడ్డుకు ఎట్లా వచ్చేవో, పొద్దున్నే పిల్లలు వాటిని ఎట్లా ఏరేవాళ్లో. మెల్లగా చెప్పింది. నేను దగ్గరికి జరిగి వినాల్సి వచ్చింది.

"ఈ ముచ్చట అక్కకు తెలుసా?"

"దానికి నోటికొచ్చు."

మన వాళ్లలో ఎవరైనా పోవాలనుకుంటే వానలు బాగా పడ్డ ఏడు, కార్తీకం దాటాక పోండి. నీళ్లు నిండుగా ఉంటాయి. రొట్టె, నీళ్లు వెంట తీసుకుపోండి. కట్ట అవతలి వైపు లోతు ఎక్కువ, పిల్లల్ని దిగనివ్వొద్దు. పెద్దవాళ్లుంటే ఎక్కడానికి టైమ్ పెట్టుకోండి. సైకిలైనా మోటార్‌సైకిలైనా వెనక సీటు ఖాళీగా పోనివ్వకండి.

దిగేటప్పుడు అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి ఆగింది.

"దసరాకు అక్క వస్తది. మా ఇద్దర్ని మళ్ల తోల్కరా."

"సరే అమ్మా, ముగ్గురం వద్దాం."

"నువ్వెందుకు? నువ్వు గప్పుడు చూసినవ్ గద. ఈసారి ఇంట్ల ఉండు."

ఆటో ఆయనకు ఇప్పుడే చెప్పి పెట్టాను.