సుగ్గి లారీ కంటే ముందు

జూన్ 14, 2025, శనివారం

బడి తెరిచి మూడో రోజు. సాయంత్రం అందరూ వెళ్లాక పదో తరగతి హాజరు పట్టీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. పోయిన ఏడాది దీపావళి దాటాక అమ్మానాన్నలతో సుగ్గికి, అంటే కూలి వలసకు, పోయిన పిల్లల్లో కొందరు ఇంకా బడి మొహం చూడలేదు. గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలకు, పత్తి తీతలకు పోయి ఉగాదికి తిరిగొస్తారు. అప్పటికి పాఠాలు అయిపోయి ఉంటాయి. నెలల తరబడి దూరమైన పిల్ల తరగతిలో కూర్చోవడానికి సిగ్గుపడుతుంది. మరుసటి ఏడు ఆ పిల్ల కూలికి పక్కా మనిషి. ఇంకో ఏడు గడిస్తే పెళ్లి మాట వినిపిస్తుంది.

కోసిగి, మంత్రాలయం, కౌతాళం, పెద్దకడుబూరు... కర్నూలు పడమటి మండలాల్లో ఏ హైస్కూలు పట్టీ తిరగేసినా శీతాకాలం గళ్లు ఖాళీగానే ఉంటాయి. తుంగభద్ర పక్కనే పారుతున్నా మా పొలాలు వాన మీదే బతుకుతున్నాయి. ఖరీఫ్ పంట ఇల్లు చేరాక ఊళ్లో పని ఉండదు.

ఈసారి బయటి నిధులు తేవాలని నిశ్చయించుకున్నాను. ఎవరిస్తారన్నది తర్వాత చూడొచ్చు. మా పిల్లలు ఏ నెలలో పోతారు, ఏముంటే ఆగుతారు అన్నది ముందు తేల్చుకోవాలి.

జూన్ 29, ఆదివారం

పొద్దంతా కాగితాలతోనే గడిచింది. మా బడికి ఏ దారిలో ఎంత రావచ్చో ఒకచోట రాసి పెట్టుకుంటున్నాను.

సమగ్ర శిక్ష కింద ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 101 నుంచి 250 మంది ఉంటే 50 వేలు, 251 నుంచి 1,000 దాకా 75 వేలు. అందులో కనీసం పదో వంతు పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలి. మిగతాది కరెంటు బిల్లుకు, చాక్‌పీసులకు, చిన్నాచితకా రిపేర్లకు సరిపోతే గొప్ప. హైస్కూలుకు ఆటల సామాను కోసం 25 వేలు వేరే.

అటల్ టింకరింగ్ ల్యాబ్ పెద్ద గ్రాంటు, 20 లక్షలు. 10 లక్షలు ఏర్పాటుకు, 10 లక్షలు ఐదేళ్ల నిర్వహణకు. ఇలాంటివి ప్రభుత్వ బడుల్లో ఐదేళ్లలో 50 వేలు పెడతామని మొన్న ఫిబ్రవరి బడ్జెట్‌లో చెప్పారు. మా పిల్లలకు త్రీడీ ప్రింటర్ తప్పకుండా కావాలి. కానీ దాని ముందు నిలబడాల్సిన పిల్ల డిసెంబరులో మిరప చేలో ఉంటుంది.

ఎంపీ నిధులు ఏటా 5 కోట్లు. ఎంపీ సిఫారసు చేస్తే జిల్లా యంత్రాంగం మంజూరు చేస్తుంది. అవి గది కట్టడానికి, ప్రహరీకి, నీళ్ల ట్యాంకుకు పనికొస్తాయి. నిలిచి ఉండే ఆస్తికే తప్ప అన్నానికీ జీతానికీ వాడకూడదు.

మా అవసరానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది సమగ్ర శిక్షలోని సీజనల్ హాస్టల్. సుగ్గికి పోయే ఇళ్ల పిల్లల్ని ఊళ్లోనే ఉంచి తిండి పెట్టి చదివించడానికే అది పుట్టింది. కాకపోతే ప్రధానంగా 6 నుంచి 14 ఏళ్ల వాళ్లను ఉద్దేశించింది. ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టం గీసిన గీత అది. తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఆ గీతకు అవతల పడ్డారు. కూలికి బాగా అక్కరకొచ్చే వయసూ అదే. మా ప్రాజెక్టు ఆ రెండు తరగతుల కోసమే.

జూలై 10, గురువారం

మెగా పేరెంట్ టీచర్ మీటింగు. తోరణాలు, ముగ్గులు, సహపంక్తి భోజనాలు. ఊరంతా బడిలోనే ఉంది. భోజనాలయ్యాక తొమ్మిది, పది తరగతుల తల్లుల్ని వేప చెట్టు కింద కూర్చోబెట్టుకుని సూటిగా అడిగాను: పిల్లను ఇక్కడ వదిలి వెళ్లాలంటే ఏముండాలి?

“రేత్రి భయం లేకుండా పండుకునే జాగా ఉండల్ల మేడమ్. ఆడపిల్లను యాడ పెట్టి పోతాం?” అంది ఒకామె. “పొద్దున ఇంత తిండి, రేత్రి ఇంత తిండి. మద్యాన్నం మీరే పెడ్తారు కదా,” అంది ఇంకొకామె.

గత నెల తల్లికి వందనం పథకం డబ్బులు పడ్డాయి. పిల్లకు 15 వేలలో 2 వేలు బడి నిర్వహణకు మినహాయించి 13 వేలు తల్లి ఖాతాలో వేశారు. దాని గురించి అడిగితే, “అప్పులోనికి కట్టేస్తిమి మేడమ్, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తెచ్చుకోకుంటే చాలనుకున్యాం,” అందొకామె. సుగ్గి మేస్త్రీ బయానా ముందే ఇస్తాడు. అది తీసుకున్నాక ఇల్లంతా కదలాల్సిందే. అందుకే దీపావళికి ఏం చేసినా ఆలస్యమే. దసరాకల్లా తల్లుల చేతిలో గట్టి మాట పెట్టాలి.

బడి యాజమాన్య కమిటీ (ఎస్‌ఎంసీ) చైర్‌పర్సన్ అక్కడికక్కడే తీర్మానం రాయించింది. ఊళ్లోనే ఉండిపోయే అవ్వలు వంతులవారీగా రాత్రి బడిలో పడుకుంటామని ముందుకొచ్చారు. ఏ గ్రాంటూ ఇవ్వలేని ధైర్యం అది.

ఆగస్టు 3, ఆదివారం

లెక్క వేశాను. 40 మంది పిల్లలు, నవంబరు నుంచి మార్చి దాకా 150 రోజులు. ఆడపిల్లలు బడిలోనే ఉంటారు. మగపిల్లలు అవ్వల ఇళ్లలో పడుకుని తిండికి, చదువుకు వస్తారు.

పొద్దున టిఫిను, రాత్రి అన్నం కలిపి మనిషికి రోజుకు 50 రూపాయలు: 3,00,000. వంట మనుషులు ఇద్దరికి నెలకు 8 వేల చొప్పున: 80,000. రాత్రి చదివించి, కనిపెట్టుకుని ఉండే ఇద్దరికి నెలకు 10 వేల చొప్పున: 1,00,000. దుప్పట్లు, చాపలు, దోమతెరలు, బకెట్లు: 40,000. మొత్తం 5,20,000. తలకు 13 వేలు.

తల్లి ఖాతాలో పడిన మొత్తం ఎంతో ఇదీ అంతే. అది తల్లి అప్పుకు పోయింది. ఇది పిల్ల పదో తరగతి పరీక్ష రాయడానికి.

దరఖాస్తు రెండు పేజీలు దాటకూడదని పెట్టుకున్నాను. మొదటి పేరాలోనే మూడేళ్ల హాజరు అంకెలు నెలవారీగా: సెప్టెంబరులో ఎందరు, జనవరిలో ఎందరు. ఇచ్చేవాళ్లకు మా ఊరు తెలియదు. ఆ రెండు అంకెల మధ్య తేడా వాళ్లకు చప్పున అర్థమవుతుంది. తర్వాత ఖర్చు పట్టిక, ఎవరు సంతకం పెడతారు, బిల్లులు ఎక్కడ ఉంటాయి, మార్చి చివర ఏం కొలిచి చూపిస్తాం. కొలమానం ఒకటే: జనవరి హాజరు సెప్టెంబరు హాజరుకు ఎంత దగ్గరగా ఉంది. దీనికి ఫొటోలు అక్కర్లేదు.

ఆగస్టు 23, శనివారం

సోషల్ సారును తోడు తీసుకుని జిల్లాలోని ఒక కంపెనీ ఆఫీసుకు వెళ్లాను. కంపెనీ సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) నిధులు చూసే అధికారి మర్యాదగా మాట్లాడాడు. మొదట డిజిటల్ బోర్డులు ఇస్తామన్నాడు. తర్వాత, మా బడి ప్లాంటు చుట్టుపక్కల ఊళ్లలో లేదన్నాడు.

కంపెనీల చట్టం, 2013లో 135వ సెక్షన్ చదువుకునే వెళ్లాను. నికర విలువ 500 కోట్లో, టర్నోవరు 1,000 కోట్లో, నికర లాభం 5 కోట్లో, అంతకు మించో ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు పెట్టాలి. స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టం అంటుంది. అది మార్గదర్శకమే గానీ తప్పనిసరి కాదని కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2021లో వివరణ ఇచ్చింది. ఆ కాగితం చూపించాను. ఫ్యాక్టరీ ఉన్న చోటికే డబ్బు పోతే, ఫ్యాక్టరీ లేక పనికోసం వలసపోయే మండలానికి ఎప్పుడు చేరుతుంది? ఇదే అడిగాను. ఆయన నోట్ చేసుకున్నాడు.

ఆయన చెప్పిన మాటల్లో పనికొచ్చేవి రెండు. బయటి సంస్థ ద్వారా పని చేయించాలంటే ఆ సంస్థకు సీఎస్‌ఆర్-1 నంబరు ఉండాలి. దానికి 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, మూడేళ్ల అనుభవం కావాలి. బడి కమిటీకి అవేవీ ఉండవు. కాబట్టి అవి ఉన్న ట్రస్టు చేయి పట్టుకోవాలి. రెండోది, కొనసాగే ప్రాజెక్టుగా పెడితే మొదలైన ఏడాది కాక మరో మూడేళ్ల దాకా సాగించే వీలుంది. బోర్డులు వద్దని, వంట మనిషి జీతం మూడేళ్లు ఇవ్వమని రాతపూర్వకంగా అడిగి వచ్చాను.

సెప్టెంబరు 13, శనివారం

పిల్లల సైన్సు ఆలోచనలకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ మనక్ నామినేషన్ల గడువు ఎల్లుండితో అయిపోతుంది. బడి నుంచి ఐదు ఆలోచనలు పంపవచ్చు. ఎంపికైన పిల్లకు నమూనా చేసుకోవడానికి 10 వేలు నేరుగా తన ఖాతాలోనే పడతాయి. ఇంటర్‌నెట్ సెంటర్లో తయారుగా దొరికే ఐడియాలు వద్దని సైన్స్ మేడమ్ పిల్లలకు కచ్చితంగా చెప్పింది. మీ ఇంట్లో ఎవరికి ఏ పని కష్టంగా ఉందో చూసి రండి అంది.

పోయినేడు సుగ్గికి పోయొచ్చిన ఎనిమిదో తరగతి పిల్ల, మిరపకాయలు తెంపేటప్పుడు నడుం వంగకుండా వెంట లాక్కునే సంచి బొమ్మ గీసుకొచ్చింది. కాయ ఘాటుకు వేళ్లు మండకుండా తొడుగు కూడా గీసింది. అది ఎంపికవుతుందో లేదో గానీ, పిల్లల ప్రాజెక్టు అంటే ఇది. తనకు తెలిసిన నొప్పికి తనే మందు వెతుక్కుంది.

అక్టోబరు 12, ఆదివారం

డల్లాస్‌లో ఉన్న పూర్వ విద్యార్థి ఫోన్ చేశాడు. పాత బ్యాచ్ వాళ్లు పోగేస్తున్నారని తెలిసి, మొత్తం తనే పంపుతానన్నాడు. నీ పాస్‌పోర్టు ఏ దేశానిదిరా అని అడిగాను. అమెరికా పౌరసత్వం తీసుకున్నాడట. అయితే అది విదేశీ విరాళం కిందికి వస్తుంది. ఓసీఐ కార్డు ఉన్నా, రూపాయల్లో ఇచ్చినా మార్పు లేదు. పుచ్చుకునే సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా ఉండాలి. మాకు తోడొచ్చిన ట్రస్టుకు అవి లేవు. భారత పౌరుడిగానే ఉంటూ అక్కడ ఉద్యోగం చేసేవాళ్లు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఈ చిక్కు లేదు. అతని క్లాస్‌మేట్లలో అలాంటివాళ్లు ఇద్దరున్నారు. వాళ్లు పంపుతారు.

“మరి నేనేం చేయాలి మేడమ్?” అన్నాడు. రాత్రి ఏడున్నరకు పిల్లలకు లెక్కలు చెప్పు, అక్కడ నీకు పొద్దునే కదా అన్నాను. వారానికి రెండు పూటలు ఒప్పుకున్నాడు.

కంపెనీ నుంచి కూడా జవాబొచ్చింది. ట్రస్టు ద్వారా ఏటా 3 లక్షలు, మూడేళ్లు. మిగిలింది పాత బ్యాచ్‌లది. రాత్రి పూట పిల్లల్ని బడిలో ఉంచడానికి డీఈవో ఆఫీసు అనుమతి చేతికొచ్చింది. దసరా దాటినా, ఇక తల్లులకు మాట చెప్పవచ్చు.

నవంబరు 9, ఆదివారం

నిన్న రాత్రి రెండు లారీలు కదిలాయి. మూటలు, జొన్న పిండి, పొయ్యి, చంకన పసిబిడ్డలు. మా పట్టికలోని 40 మందిలో 34 మంది ఆగారు. ఆరుగురు పోయారు. ముగ్గురి ఇళ్లలో చంటిబిడ్డను చూసుకునే దిక్కు లేదు. ఒక ఇంట బయానా అందరి లెక్కనా తీసుకున్నారు. ఇద్దరి సంగతి కనుక్కోవాలి. చంటిపిల్లల కోసం అక్కడి చేల దగ్గర ఏర్పాటు లేకపోతే ఇక్కడి పెద్దపిల్ల బడి నిలవదు. వచ్చే ఏటి దరఖాస్తులో ఇది చేరాలి.

డిసెంబరు 7, ఆదివారం

హాజరు 34 దగ్గరే నిలిచి ఉంది. ఖర్చు పుస్తకం ప్రతి శనివారం ఎస్‌ఎంసీ ముందు చదువుతున్నాం. ఎవరైనా అడగవచ్చు. నిన్న ఒక అవ్వ కందిపప్పు ధర అడిగి, ఆదోనిలో ఇంతకు తక్కువకే దొరుకుతుందని చెప్పింది. రాసుకున్నాం. మార్చి 31న వినియోగ పత్రం మీద నేను పెట్టే సంతకానికి ఈ శనివారాలే బలం.

దాతల మీద ఎల్లకాలం ఆధారపడకూడదు. సమగ్ర శిక్ష వచ్చే ఏటి వార్షిక ప్రణాళిక జిల్లాల్లో తయారయ్యేది ఈ చలికాలంలోనే. ఆ తర్వాత రాష్ట్రం, ఆ పైన ఢిల్లీ. ఇప్పుడు అందులో ఎక్కని అవసరం మళ్లీ ఏడాది దాకా ఎక్కదు. మండల విద్యాధికారికి ఇవ్వాల్సిన కాగితం ఈ రాత్రే రాశాను. అడిగింది మూడే: సీజనల్ హాస్టల్ తొమ్మిది, పది తరగతులకూ వర్తించాలి. డబ్బు అక్టోబరు ఒకటికల్లా బడికి చేరాలి. మంజూరులో సామాన్ల కంటే మనుషుల జీతం ముందు వరసలో ఉండాలి.

నెలవారీ హాజరు జత చేశాను. పక్క మండలాల హెచ్‌ఎంలకు కూడా నకలు పంపుతున్నాను. తమ బడుల అంకెలు కలిపి వాళ్లూ ఇదే అడగాలి. ఒక బడి అడిగితే విన్నపంగానే ఉండిపోతుంది. పడమటి మండలాలన్నీ ఒకే పట్టిక పెడితే జిల్లా ప్రణాళికలో దానికంటూ ఒక వరస పడి తీరాలి.