హెర్మయొనీది ఏ నక్షత్రం?

పోయిన వేసవి సెలవుల్లో మా అక్క కూతురు ఒక నోట్‌బుక్ తెచ్చి నా ఒళ్ళో పడేసింది. దానికి పద్నాలుగేళ్ళు. హారీ పాటర్ ఏడు పుస్తకాలూ ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. పేజీకి నిలువు గీతలు కొట్టి పాత్ర పేరు, పుట్టినరోజు, రాశి, గుణాలు రాసుకుంది. హారీ జులై 31, సింహం: ధైర్యం, తొందరపాటు. రాన్ మార్చి 1, మీనం: మెత్తని మనసు. స్నేప్ జనవరి 9, మకరం: మొండి, మనసులో మాట బయటపెట్టడు. హెర్మయొనీ సెప్టెంబర్ 19, కన్య: అన్నిట్లో తప్పులు పడుతుంది, అన్నీ పద్ధతిగా ఉండాలంటుంది.

"ఎంత కరెక్టుగా సరిపోయాయో చూడు పిన్నీ!"

నవ్వొచ్చింది. డిగ్రీలో ఉండగా నేనూ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద లిండా గుడ్‌మన్ పుస్తకం కొనుక్కుని, హాస్టల్లో అందరికీ గుణగణాలు చదివి వినిపించినదాన్నే. 1968లో వచ్చిన ఆ పుస్తకం అప్పటికి ఎన్ని చేతులు మారిందో, అట్ట కూడా లేదు. అందరూ "అచ్చం నేనే" అనేవాళ్ళు. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులందరికీ ఒకే వర్ణన ఇచ్చి, ఇది ప్రత్యేకంగా నీ గురించేనని చెబితే, వాళ్ళు సగటున అయిదుకి 4.26 మార్కులు వేశారని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. అందులో వాక్యాలు చాలావరకు జ్యోతిషం పుస్తకంలోంచి తీసినవే.

ఊరికే ఉండలేక దాని లెక్క చెడగొట్టాను. మన పంచాంగం ప్రకారం హారీది సింహం కాదే, సూర్యుడు ఇంకా కర్కాటకంలోనే ఉంటాడు అన్నాను. పాశ్చాత్యులది సాయనం, మనది నిరయనం, రెంటికీ మధ్య ఇప్పుడు ఇరవై నాలుగు డిగ్రీల తేడా. వాళ్ళ సూర్యుడు డిసెంబర్ 22 ప్రాంతంలోనే మకరంలోకి వెళ్ళిపోతాడు. మన సంక్రాంతి జనవరి 14న కదా! అంటే జనవరి 9న పుట్టిన స్నేప్‌ది ధనుస్సు. రాన్‌ది కుంభం. హెర్మయొనీ ఒక్కతే రెండు లెక్కల్లోనూ కన్య.

"అయితే స్నేప్ సరదా మనిషా?" అంది. ఇద్దరం పడీపడీ నవ్వాం.

కానీ ఆ కన్య గడి మాత్రం నన్ను వదల్లేదు. హెర్మయొనీ ఎందుకంత చదువుతుంది? అమ్మానాన్నలు పళ్ళ డాక్టర్లు, మంత్రవిద్య ఎరగని ఇల్లు. ఆ బడిలో అడుగుపెట్టిన మొదటి తరం పిల్ల. రక్తం తక్కువదని మొహం మీదే తిట్టించుకున్న పిల్ల. పాఠం మొదలవకముందే పుస్తకమంతా బట్టీ పట్టి వెళ్ళకపోతే ఆమెని అక్కడ ఎవరు లెక్కచేస్తారు? యూనివర్సిటీలో నా పక్కన కూర్చున్న, ఇంట్లో మొదటిసారిగా పీజీకి వచ్చిన అమ్మాయిలు కూడా అలాగే చదివేవాళ్ళు. వాళ్ళనీ 'ఓవర్' అనే అనేవాళ్ళు. రాశి అంటించగానే ఆ కష్టమంతా పుట్టుగుణం అయి కూర్చుంటుంది. అదే స్నేప్ తరగతిలో పిల్లల్ని ఏడిపిస్తే, పాపం శని ప్రభావం అని సరిపెట్టుకుంటాం. మూడో పుస్తకంలో జోస్యం క్లాసులోంచి విసురుగా లేచి వెళ్ళిపోయింది హెర్మయొనీయే. ఆమెనే తీసుకొచ్చి రాశి గడిలో కూర్చోబెట్టాం!

ఆ క్లాసు చెప్పే ట్రెలానీ అంటే నాకు జాలి. నాలుగో పుస్తకంలో, నువ్వు నడి చలికాలంలో పుట్టావని హారీతో అంటుంది. జులైలో అంటాడు వాడు. అందరికీ ఆమె వేళాకోళమే. అయినా కథంతా నడిచేది ఆమె నోటి జోస్యం మీదే. మన దగ్గర మాత్రం? ఎరుకలసాని చెప్పేది సోది, సిద్ధాంతిగారు చెప్పేది శాస్త్రం. 'సోది ఆపు' అని మనం రోజూ అనుకునే మాటలో ఆ ఆడమనిషి ఉందని ఎవరికీ గుర్తుండదు.

ఆ జోస్యం కూడా తమాషాగా ఉంటుంది. ఏడో నెల చివర పుట్టే మగపిల్లాడని చెబుతుంది. జులై 30న పుట్టిన నెవిల్‌కీ సరిపోతుంది, 31న పుట్టిన హారీకీ సరిపోతుంది. శత్రువు హారీని ఎంచుకున్నాడు. ఎంచుకోబట్టే హారీ కథ హారీది అయింది. రామాయణంలో లక్ష్మణ శత్రుఘ్నులిద్దరిదీ ఆశ్లేష, ఇద్దరిదీ కర్కాటక లగ్నం. ఒకళ్ళ కథ ఇంకొకళ్ళది కాలేదు. ఆశ్లేష కాబట్టి వాళ్ళకి పిల్లనివ్వం అని జనకుడి ఇంట్లో ఎవరూ అనలేదు. రాముడిది పునర్వసు అని చెప్పిన వాల్మీకి, నాగటిచాలులో దొరికిన సీతది ఏ నక్షత్రమో చెప్పలేదు. ఒకందుకు మేలే.

ఎందుకంటే ఆడపిల్లకి ఆశ్లేష అయితే అత్తగారికి గండం. జ్యేష్ఠ అయితే బావగారికి, విశాఖ అయితే మరిదికి, మూల అయితే మామగారికి. మూలలో పుట్టిన మగాడి వల్ల అత్తవారింట్లో ఎవరికి ఏమవుతుందో పెళ్ళిచూపుల్లో ఎవరూ అడగరు.

నాది మూల, నాలుగో పాదం. రెండు సంబంధాలు దానివల్లే వెనక్కి వెళ్ళాయి. మూడోసారికి అమ్మ నా పుట్టిన టైముని నలభై నిమిషాలు ముందుకి జరిపి కొత్త జాతకం రాయించింది. పూర్వాషాఢ మొదటి పాదం. రాశి మారలేదు, ధనుస్సే. అన్నీ కుదిరాయి. ఈ సంగతి పెళ్ళయిన మూడేళ్ళకి అమ్మే చెప్పింది, బియ్యం ఏరుతూ. కోపం వచ్చింది. ఆమె మీద ఎంత, మొదటి రెండు సంబంధాలవాళ్ళ మీద ఎంత అనేది ఇప్పటికీ తేల్చుకోలేదు. కథల్లో స్త్రీ పాత్రల మీద నాలుగొందల పేజీల థీసిస్ రాసినదాన్ని, నా జాతకం తప్పుడుదని మా ఆయనకి చెప్పడానికి ఇంకో ఏడాది పట్టింది. ఆయన నవ్వేశాడు, నాన్నకి మాత్రం చెప్పకు అన్నాడు. మామగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు, పొద్దున్నే నాలుగు కిలోమీటర్లు నడుస్తారు. ఆయన దగ్గితే మా అమ్మకి నిద్రపట్టదు.

నోట్‌బుక్ చివర అది ఇంట్లోవాళ్ళ పేర్లు కూడా రాసింది. మన పద్ధతిలో చూద్దామని 'రాశి' కొట్టేసి 'నక్షత్రం' అని పెట్టింది.

"పిన్నీ, నీదేంటి?"

"పూర్వాషాఢ," వంటింట్లోంచి అమ్మ చెప్పింది.

"మూల," అన్నాను నేను.

వంటింట్లో చప్పుడు ఆగింది. పిల్ల పెన్ను పట్టుకుని అటూ ఇటూ చూసింది. చివరికి రెండూ రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.

ఈ పత్రిక మా అత్తవారింటికే వస్తుంది. ముందు విప్పి చదివేది మామగారే.